నాటుకు పోయిన తల్లి బిడ్డ ఎవరి ఒడిలో ఉన్నది?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో కూలి ఆడవాళ్ళ సమావేశాల్లో ఒక మహిళా కార్యకర్త మాట్లాడిన మాటల పాఠం ఇది. మూడు చోట్ల మాట్లాడినదాన్ని ఒక్కటిగా కలిపినం. మాట తీరును వీలైనంతవరకు అట్లనే ఉంచినం.)



ముందుగాల ఒక మాట అడుగుతా. ఇయ్యాల మీరంతా ఇక్కడికి వచ్చిన్రు గదా, ఇంటికాడ ఎవరిని కావలి పెట్టి వచ్చిన్రు? చంటిపిల్లను చంకనేసుకొనే వచ్చిన అక్కలు నాకు కనబడుతున్నరు. బిడ్డను ఒకపూట బడి మాన్పించి తమ్ముని దగ్గర కూసోబెట్టి వచ్చినోళ్ళున్నరు. పక్కింటి అవ్వకు అప్పజెప్పి వచ్చినోళ్ళున్నరు. "మంచంల మా అత్త ఉన్నది, ఒంటిగంటకు లేసిపోత" అని ముందే చెప్పి తలుపు దగ్గర కూసున్నోళ్ళున్నరు. ఇదే ప్రశ్న అన్నలను అడిగితే నవ్వుతున్నరు. ఇంటికాడ ఎవరిని పెట్టి వచ్చినవు అని మగమనిషిని అడిగేటోళ్ళు లేరు. అడిగితే ఎగతాళి చేసినట్టే అనుకుంటరు. ఆ నవ్వు గురించే మాట్లాడదామని నేను వచ్చిన.

మన ఉద్యమం భూమి గురించి మాట్లాడింది. కూలిరేట్ల గురించి, రెండు గ్లాసుల గురించి మాట్లాడింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినంక ఆత్మగౌరవం గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. 1994లో దండోర మోగినంక వాటా గురించి మాట్లాడింది. అన్నీ కావాల్సినవే, అందులో ఒక్కటి కూడా ఎక్కువ కాదు. అయితే పొద్దుగాల నాలుగింటికి లేచి రాత్రి పదింటికి నడుము వాల్చే మాల, మాదిగ ఆడమనిషి రోజు ఎట్ల గడుస్తదో మన కరపత్రాలలో ఒక్క పేరా కనబడదు. అడిగితే అది ఇంటి సంగతి అంటరు. ఇంటి సంగతా కాదా అన్నది చూద్దాం.

నాట్ల కాలం తీసుకోండి. కూలికి తీసుకపోయే ఆటో ఆరింటికి గూడెం మొదట్ల వచ్చి హారన్ కొడతది. ఆ ఆటో ఎక్కాలంటే నాలుగింటికి లేవాలె. వాకిలి ఊడ్చుడు, నీళ్ళు పట్టుడు, అన్నం, కూర, బడికి పోయే పిల్లలకు డబ్బా, కూలికాడికి తనకు డబ్బా. ముసలామె ఉంటే ఆమెకు బీపీ గోలీ, షుగర్ గోలీ ఏది పొద్దున్న ఏది రాత్రి అని చీటీలు కట్టి పెట్టుడు. ఆమె మంచంల ఉంటే గుడ్డలు మార్చుడు, తుడుచుడు, రెండు ముద్దలు నోట్లె పెట్టుడు. బర్రె ఉంటే పాలు పిండుడు. ఇంత పని చేసి ఆటో ఎక్కితే అప్పటికి లెక్కల ఒక్క రూపాయి పనిగూడ చెయ్యనట్టే. కూలి అక్కడినుంచి మొదలైతది.

మళ్ళ సాయంత్రం దాకా బురదల వంగి నాటు. చంటిబిడ్డ తల్లి అయితే పదకొండు గంటలకు పాలు చేపుకొస్తయి, రవిక తడుస్తది, రొమ్ములు గడ్డకట్టి సలుపుతయి. ఒడ్డుమీదికి పోయి పిండి పారబోసి మళ్ళ మడిల దిగుతది. ఇక్కడ బిడ్డ పాలు నేల పాలు, అక్కడ ఇంటికాడ బిడ్డకు బియ్యం గంజి. ఈ మాట చెప్తుంటే ముందు వరుసల ఇద్దరు ముగ్గురు తల వంచుకున్నరు. తల వంచుకోవాల్సింది మీరు కాదక్కా.

ఇంకో సంగతి గమనించండి. ఇప్పుడు నాట్లు ఎక్కువ గుత్తకే. ఎకరానికి ఇంత అని ముఠా మాట్లాడుకుంటది, వచ్చింది పంచుకుంటరు. రైతు గెట్టుమీద నిలబడి తిట్టే పని లేకుండ పోయింది. ముఠాల ఉన్న ఆడోళ్ళే ఒకరినొకరు తొందరపెట్టుకుంటరు. బాలింత ఒడ్డెక్కితే వరుస ఆగుతది, మాపటిదాక ఎకరం పూర్తి కాదు, అందరి వాటా తగ్గుతది. అందుకని "నువ్వు ఈ ఏడు రాకులే చెల్లె" అని మన నోటితోనే మన చెల్లెను ఆపుతం. ముసలామెనూ అట్లనే ఆపుతం. రైతు ఒక్కమాట అనకుండనే బాలింత కూలి పోయింది, ముసలామె కూలి పోయింది. ఆ ముఠా ఆడోళ్ళకు దయ లేక కాదు, ఆగితే నష్టపోయేది వాళ్ళే అయ్యేటట్టు గుత్త కట్టిపెట్టింది. ముఠా మాట్లాడుకునేటప్పుడే "ఇందులో ఇద్దరు బాలింతలున్నరు, ఒక అవ్వ పిల్లల్ని పట్టుకుంటది, ఆమెకూ ఒక వాటా" అని రైతుతోని ఖరారు చేసుకుంటే ఎట్లుంటది? ఆలోచించండి. గుత్త రేటు ఆ ఒక్క వాటా మందం పెరగాలె, మన జేబుల నుంచి పోవద్దు.

ఈ నీళ్ళు ఎప్పటియి? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ పునాది రాయి వేసిండు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణి అయినయి. జొన్న, ఆముదం పండే చెల్కలల్ల రెండు కార్ల వరి పండింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నరు. రైస్‌మిల్లులు లేసినయి. మిర్యాలగూడ ఆసియాలోనే పెద్ద రైస్‌మిల్లుల కేంద్రాలలో ఒకటి అని గొప్పగా చెప్పుకుంటరు. గొప్పే, కాదనం. కాని ఒక కారు వరి రెండు కార్లు అయినప్పుడు, ఎవరి వంగుడు రెండింతలు అయింది? భూమి ఉన్నోళ్ళకు నీళ్ళొచ్చినయి, భూమి లేని మన ఆడోళ్ళకు పనొచ్చింది. పని వచ్చినందుకు కడుపు కొంత నిండిన మాట నిజమే. అయితే ఇంట్ల చంటిబిడ్డ, ముసలామె, రోగి అట్లనే ఉన్నరు. వాళ్ళకు కేటాయించే పొద్దు సగమైంది. కాలువ తవ్వినోళ్ళు, తూములు పెట్టినోళ్ళు, మిల్లులకు అప్పులిచ్చినోళ్ళు, ఈ నాటు వేసే మనిషి పిల్లల్ని పగలంత ఎవరు చూస్తరు అని ఎన్నడన్న లెక్క కట్టిన్రా?

ఇప్పుడు వరికోత మిషన్లు వచ్చి కోతల పని పోయింది. మిగిలింది నాటు, కలుపు, పత్తి ఏరుడు, మిరపకాయ ఏరుడు. నాట్లకు గూడ ఈ నడుమ బీహార్, బెంగాల్ నుంచి మగోళ్ళ ముఠాలు దిగుతున్నయి. పొద్దెక్కక ముందే మడిల దిగుతరు, చీకటయ్యేదాక లేవరు, పొలంకాడనే పంటరు. మన ఆడోళ్ళు వాళ్ళమీద కోపం చేస్తున్నరు. కోపం నాకు అర్థమైతది, కాని వాళ్ళు అట్ల ఎందుకు చేయగలుగుతున్నరో చూడండి. వాళ్ళకు నాలుగింటికి లేచి అన్నం వండే పని లేదు, సాయంత్రం పిల్లగాడు ఏడుస్తున్నడని ఉరికే పని లేదు. ఆ ఏడ్చే పిల్లగాడు, ఆ ముసలి తండ్రి బీహార్ల ఉన్నరు. వాళ్ళను చూసేది అక్కడి ఇంకో ఆడమనిషి. అంటే మిర్యాలగూడ మడిల నాటు పడుతున్నదంటే, మనం ఎన్నడూ చూడని ఒక బీహారీ చెల్లె అక్కడ ఇంటెడు చాకిరీ మోస్తున్నది కాబట్టి పడుతున్నది. రైతుకు కావాల్సింది ఇల్లు లేనట్టు పనిచేసే మనిషి. మనం ఇల్లును మోసుకొని పోతం కాబట్టి మనం అక్కరకు రాము.

ఇది మన మాట మాత్రమే కాదు, సర్కారు లెక్కే ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా మనుషులు రోజుల ఏ పనికి ఎంతసేపు పెడుతరని సర్వే చేసింది. ఇంట్ల కూలి లేని పని చేసే ఆడోళ్ళు అప్పుడు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టిన్రు, అంటే దాదాపు ఐదు గంటలు. మగోళ్ళు చేసేవాళ్ళు 97 నిమిషాలు. "చేసేవాళ్ళు" అన్న మాట మర్చిపోకండి. నూటికి 81 మంది ఆడోళ్ళు ఈ పని చేస్తే మగోళ్ళల్ల నూటికి 26 మందే చేసిన్రు. మిగిలిన 74 మంది ఆ రోజు ఇంటిపని ముట్టలేదు. పిల్లల్ని, ముసలోళ్ళను చూసుకునే పని వేరే లెక్క, ఈ 299 నిమిషాలల్ల అది లేదు. దేశంల ఉన్నోళ్ళు లేనోళ్ళు, పనిమనిషి ఉన్నోళ్ళు లేనోళ్ళు అందరినీ కలిపితే వచ్చిన సగటు ఇది. గ్యాసు, నల్లా, మిక్సీ ఉన్న ఇల్లూ, ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఇల్లూ ఒక్క సగటుల పడ్డయి.

కులం సంగతి ఇక్కడికే వస్తున్న. చాకిరీకి కులం ఉన్నది. చాలా ఊళ్ళల్ల మంత్రసాని పని ఎవరిది? మాదిగామె, మంగలామె, చాకలామె. దొరసాని కాన్పుకు అర్ధరాత్రి పిలుస్తరు, మైల రక్తంల చేతులు పెట్టి బిడ్డను బయటికి తీసేది ఆమె, బొడ్డు కోసేది ఆమె. పురుడు వెళ్ళినంక అదే బిడ్డను అదే చేతులతోని ముట్టుకుంటే ఇల్లు కడుక్కున్నరు. కాన్పులు దవాఖానలకు పోయినయి కాబట్టి మంత్రసాని పని తగ్గింది. ఇప్పుడు అది వేరే పేర్లతోని వస్తున్నది. పట్నంల పక్షవాతం వచ్చిన పెద్దాయన దగ్గర రాత్రిపగలు ఉండే ఆయా ఎవరు? అంట్లు తోమి, బాత్రూం కడిగి, వాళ్ళ పిల్లగాణ్ణి బడి బస్సు ఎక్కించే మనిషి ఎవరు? ఊర్ల పనిలేక సూర్యాపేట, కోదాడ, హైదరాబాదు చేరిన మన ఆడోళ్ళే. వాళ్ళ ముసలోళ్ళను మనం చూస్తం కూలికి. ఆ పూట మన ముసలోళ్ళను ఎవరు చూస్తరు? మన పదకొండేండ్ల బిడ్డ.

మున్సిపాలిటీ అక్కల సంగతి చెప్పాలె. 2000 తర్వాతి మొదటి సంవత్సరాలల్ల సూర్యాపేట పట్నానికి దేశంల మంచి పేరొచ్చింది. ఇంటింటికీ పోయి చెత్త తీసుడు, చెత్తకుండీలు లేని పట్నం అని ఎక్కడెక్కడి నుంచో అధికారులు వచ్చి చూసిపోయిన్రు. ఆ పేరు పట్నానికొచ్చింది, అధికారులకొచ్చింది. తెల్లారకముందే రోడ్డుమీద చీపురు పట్టుకునే ఆడమనిషి ఇంటికాడ ఆ టైంల పిల్లల్ని ఎవరు లేపిన్రు, ఎవరు జడ వేసిన్రు, ఎవరు బడికి తోలిన్రు? పట్నం నిద్రలేచేసరికి రోడ్డు శుభ్రంగ ఉండాలె. దానికోసం మన పిల్లలు తల్లి మొకం చూడకుండ లేవాలె.

మూడు తరాల సంగతి విడదీసి చూద్దాం, ఎందుకంటే ఈ బరువు ముగ్గురి మీద మూడు తీర్ల పడతది.

ముందు బిడ్డ. తల్లి ఆటో ఎక్కంగనే ఇల్లు ఆమె మీద పడతది. మొదట్ల వారానికి ఒక్కరోజు బడి మానుతది, మిరపకాయల సీజన్ల పదిహేను రోజులు మానుతది, తర్వాత రిజిస్టర్ల పేరుంటది గాని మనిషుండదు. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి కాడ ఆగుతది. "ఎట్లాగు ఇంట్లనే ఉన్నది గదా" అని పద్దెనిమిది నిండకముందే పెండ్లి చేస్తరు. అప్పుడు ఇంకో ఇంట్ల పొయ్యికాడ కూసుంటది. సాంఘిక సంక్షేమ గురుకులాలలో, కస్తూర్బా పాఠశాలల్లో సీటు దొరికిన ఆడపిల్లలు చదువుకొని పైకొస్తున్నరు, నర్సింగు చేస్తున్నరు, ఇంజనీరింగు చేస్తున్నరు. పాఠాల కంటే ముందు ఆ హాస్టలు ఆమెకు ఇచ్చేదేందో తెలుసా? తమ్ముడు ఏడిస్తే లేవాల్సిన పని లేని సాయంత్రం. మగపిల్లగానికి ఆ సాయంత్రం ఇంటికాడ గూడ ఉంటది, ఆడపిల్లకు ఇల్లు విడిస్తేనే దొరుకుతది. హాస్టలు సీటు కోసం కొట్లాడేటప్పుడు ఈ మాట గూడ కలిపి చెప్పండి.

తర్వాత ముసలామె. ఈమె తమాషా ఏందంటే, ఈమె చూసేది ఈమే, చూడబడేది ఈమే. మోకాళ్ళు లేవకపోయినా ఇద్దరు మనుమలను ఈమె ఒడిల పడేసిపోతం. ఒకడు పొయ్యి దిక్కు ఉరుకుతడు, ఒకడు నీళ్ళ తొట్టి దిక్కు ఉరుకుతడు. పిల్లగానికి దెబ్బ తగిలితే సాయంత్రం తిట్లు ఈమెకే. 2014లో ఆసరా పేరుమీద పింఛను వెయ్యి రూపాయలు చేసిన్రు, 2019లో 2016 రూపాయలైంది. ఒంటరి ఆడోళ్ళకు 2017లో పింఛను మొదలైంది. ఈ పైసలు చిన్నవి కావు. పింఛను వచ్చే ముసలామెకు ఇంట్ల మాట చెల్లుతది, "మా అత్త పింఛను పైసలతోనే నూనె తెచ్చుకున్నం" అని కోడండ్లు చెప్తరు. కాని పింఛను పైసలు అన్నం వండిపెట్టవు, మంచంలనుంచి లేపి కూసోబెట్టవు. అది చేతుల పని.

ఆ చేతులు ఎవరివి? చట్టం ఏమంటదో వినండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌ల అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు పదివేలదాక ఇప్పించే అధికారం ఉన్నది. వకీలు అక్కరలేదు. ఆర్డీవో ఆఫీసు సూర్యాపేటల ఉన్నది, కోదాడల ఉన్నది, మిర్యాలగూడల ఉన్నది. ఆ చట్టంల పిల్లలంటే ఎవరని రాసిన్రు? కొడుకు, బిడ్డ, మనుమడు, మనుమరాలు. కోడలు అన్న మాట అందుల లేదు. చట్టం కొడుకును అడుగుతున్నది. ఊరు మాత్రం కోడలిని అడుగుతది. అత్త చీర మాసిపోతే "దాని కోడలు చూడు" అంటరు గాని "దాని కొడుకు చూడు" అని ఎవరూ అనరు. కొడుకు హైదరాబాదుల సెంట్రింగు పనిల ఉండొచ్చు, ఊర్లనే బెల్టుషాపు కాడ ఉండొచ్చు, అడిగేటోడు లేడు. అత్తా కోడండ్ల కొట్లాట అని సినిమాలల్ల మనల్ని చూసి నవ్వుతరు. ఇద్దరు అలిసిపోయిన ఆడోళ్ళు ఒక్క చిన్న ఇంట్ల ఒకరి బరువు ఒకరిమీద పడేసుకుంటుంటే, నడుమ ఉన్న మగమనిషి దులుపుకొని బయటికి పోతుండు. ఆ కొట్లాట అదే.

నడుమ తరం మీరు. మీ సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఒక్కటే చెప్తా. మునుగోడు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినోళ్ళున్న ఇండ్లు మీరు చూసే ఉంటరు. అక్కడ పిల్లగానికి ముప్పై ఏండ్లొచ్చినా తల్లే ఎత్తి బయటికి తీసుకపోవాలె. ఆమెకు యాభై దాటినయి, ఆమె నడుము గూడ వంగింది. పిల్లలు పెరిగితే తల్లి బరువు దిగుతది అనే సామెత లెక్కలు అక్కడ చెల్లవు. "నేను పోతే వీడెట్ల" అన్నదే ఆ తల్లుల రోజువారీ మాట. నీళ్ళల్ల విషం ఉన్నదని 1940ల నుంచి తెలుసు సర్కారుకు. మంచినీళ్ళు ఇచ్చుడు ఒక బాధ్యత అయితే, ఇప్పటికే వంగిపోయిన మనిషిని ఎత్తే చేతులకు ఆసరా ఇచ్చుడు ఇంకో బాధ్యత.

సర్కారు ఏమీ చేయలేదా అంటే, కాగితం మీద చాలా చేసింది. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైంది, అంగన్‌వాడీలు వచ్చినయి. 2015 జనవరిలో తెలంగాణల గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల ఒక పూట పూర్తి భోజనం పెట్టుడు మొదలైంది. అన్నం, పప్పు, గుడ్డు, పాలు. మంచిదే. కాని భోజనం పెట్టేది మధ్యాహ్నం, కేంద్రంల. ఆ టైంకు మన గర్భిణి యాడ ఉంటది? మడిల ఉంటది. ఇంట్ల ఉండగలిగిన గర్భిణికి అన్నం దొరుకుతది, ఇంట్ల ఉండలేనంత లేమి ఉన్న గర్భిణికి దొరకదు. పిల్లల సంగతీ అంతే. పొద్దున కూలి ఆటో పోయేటప్పటికి అంగన్‌వాడీ తలుపు తీయరు, మూసేటప్పటికి తల్లి ఇంకా బురదలనే ఉంటది. ఆర్నెల్ల పిల్లను, ఏడాది పిల్లను అక్కడ పగలంత పడుకోబెట్టే ఏర్పాటే లేదు.

దీనికి అంగన్‌వాడీ టీచరమ్మ మీద కోపం చేయకండి. ఆమె గూడ ఆడమనిషే, ఆయా చాలాచోట్ల మన గూడెం మనిషే. వాళ్ళను సర్కారు ఉద్యోగులు అనదు, జీతం అనదు, గౌరవ వేతనం అంటది. 2021లో పెంచినంక టీచరుకు 13,650, ఆయాకు 7,800 రూపాయలు. 2022 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉన్నదని చెప్పింది. 2023 సెప్టెంబరులో తెలంగాణల వాళ్ళు సమ్మెకు దిగిన్రు. పిల్లల్ని చూసేది పని అని ఒప్పుకుంటే ఆయాకు జీతం ఇవ్వాలె, తల్లికి గూడ ఏదన్న ఇవ్వాలె. అందుకే ఒప్పుకోరు. వాళ్ళ సమ్మె, మన అడుగుడు ఒక్కటే తాడు.

ఉపాధి హామీ సంగతి. 2005 చట్టంల, పని జాగల ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే ఒక ఆడమనిషిని వాళ్ళను చూసేందుకు పెట్టాలె, ఆమెకు అందరితోపాటు కూలి ఇవ్వాలె అని రాసిపెట్టిన్రు. నీడ, తాగునీళ్ళు, మందుల డబ్బా గూడ రాసిన్రు. నల్గొండ జిల్లా ఆ పథకం మొదలైన మొదటి 200 జిల్లాలల్ల ఒకటి. ఇరవై ఏండ్లల్ల పిల్లల్ని చూసినందుకు మస్టర్‌ల పేరెక్కిన ఆడమనిషిని ఈ హాల్‌ల ఎంతమంది చూసిన్రు? చేతులెత్తండి. (ఎవరూ ఎత్తలేదు.) 2025 డిసెంబరులో ఆ చట్టం జాగల పార్లమెంటు ఇంకో చట్టం చేసింది, వంద రోజులను 125 అన్నది. రోజులెన్నయితేనేం, పిల్లల్ని పట్టుకునే మనిషి పేరు మస్టర్‌ల రాకపోతే చంటిబిడ్డ తల్లికి ఒక్క రోజూ రాదు. పక్కన కర్ణాటకల 2023లో గ్రామ పంచాయతీలల్ల కూసిన మనె అని పసిపిల్లల ఇండ్లు పెట్టుడు మొదలుపెట్టిన్రు. ఉపాధి పనికి పోయే తల్లుల పిల్లల కోసమే పెట్టిన్రు. అక్కడ అయినప్పుడు ఇక్కడ ఎందుకు కాదు?

ఫ్యాక్టరీల సంగతి ఇంకా పాతది. యాభై మందికి మించి ఆడోళ్ళు పనిచేసే కార్ఖానల పిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలనే రాసిన్రు. 2017ల ప్రసూతి చట్టం సవరించి 26 వారాల సెలవు అన్నరు, యాభైమంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల గది అన్నరు. 2020 సామాజిక భద్రత స్మృతిల గూడ అది ఉన్నది. మరి మిల్లుల ఊడ్చే ఆడోళ్ళు, వడ్లు ఆరబోసే ఆడోళ్ళు ఎవరి రిజిస్టర్‌ల ఉన్నరు? గుత్తేదారు తెచ్చిన మనుషులు, లెక్కల ఉండరు. లెక్కల లేని మనిషికి గది లేదు. పొలంల నాటు వేసేటామెకైతే 26 వారాల మాటే లేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికి ఆరువేలకు తగ్గకుండ ఇవ్వాలన్నది. ఆఫీసు అమ్మకు ఆర్నెల్ల జీతం, మడిల అమ్మకు ఆరువేల రూపాయలు. అవి గూడ చేతికి రావాలంటే ఎన్ని కాగితాలో.

అంబేద్కర్ ఈ మాట ఎప్పుడు మాట్లాడిండో తెలుసా? 1928ల. బొంబాయి కౌన్సిల్‌ల కార్ఖాన ఆడోళ్ళకు ప్రసూతి సాయం బిల్లు వచ్చినప్పుడు ఆయన లేచి సమర్థించిండు. కాన్పుకు ముందు, తర్వాత తల్లికి విశ్రాంతి దొరుకుడు దేశానికి మేలు కాబట్టి ఆ ఖర్చు ఒక్క ఆమె మీదనో యజమాని మీదనో కాదు, సర్కారు గూడ మొయ్యాలె అన్నడు. తల్లి పనిని దేశం పని అన్నడన్నమాట. దాదాపు నూరేండ్లయింది. మన వాడల విగ్రహం పెట్టినం, వేలు చూపించే విగ్రహం. ఆ వేలు అంగన్‌వాడీ దిక్కు గూడ చూపిస్తున్నదని మనం చెప్పుకోలే.

ఆయన లండన్ల చదువుతుంటే బొంబాయిల ఇల్లు ఈడ్చింది రమాబాయి. నలుగురు పిల్లల్ని మట్టిల కలుపుకున్నది. 1935 మే నెలల పోయింది. పాకిస్తాన్ మీద తను రాసిన పుస్తకాన్ని అంబేద్కర్ ఆమెకే అంకితం ఇచ్చిండు. ఆయన దాచలే, ఆమె మోసిన బరువు ఎంతో ఆయనకు తెలుసు. సావిత్రిబాయి ఫూలే 1897ల ప్లేగు వచ్చినప్పుడు రోగులను మోసుకొచ్చి చూసుకుంటూ అదే ప్లేగుతోని పోయింది. వీళ్ళ ఫొటోలకు దండలు వేస్తున్నం, సంతోషం. ఆ దండలు వేసే రోజు భోజనాలు వండేది ఎవరని గూడ చూడాలె.

మన తెలంగాణ సాయుధ పోరాటంల పాల్గొన్న ఆడోళ్ళ మాటలను 1986ల స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వేసిన్రు. అందుల కమలమ్మ అనే ఆమె, అజ్ఞాతంల ఉన్నప్పుడు తన పసిబిడ్డను ఇతరులకు అప్పజెప్పి రావాల్సొచ్చిన సంగతి చెప్తది. దళంల మగోళ్ళకు గూడ పిల్లలున్నరు. దళంల ఉండాలా, బిడ్డను ఉంచుకోవాలా అన్న పరీక్ష ఆడమనిషికే ఎందుకొచ్చింది? ఆమెను నేను త్యాగమూర్తి అని పొగడను. ఆ బిడ్డను ఉంచుకొనే పోరాటం చేసే దారి ఉండాల్సింది అంటా.

ఇప్పుడు సంఘాల నాయకులకు చెప్తున్న, వెనక ఉన్న అన్నలు వినాలె. ఆడోళ్ళు నాయకత్వంలకు వస్తలేరు అని మీరు బాధపడుతరు. మీటింగు రాత్రి ఎనిమిదింటికి పెడుతరు. అది వంట టైం, ముసలామెకు అన్నం పెట్టే టైం. వచ్చినామెను టీ పెట్టమంటరు. జిల్లా కమిటీకి హైదరాబాదు పోవాలంటే రెండ్రోజులు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడోళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం అయింది, టికెట్టు బాధ తీరింది. మంచంల ఉన్న అత్తను ఎవరు చూస్తరన్న బాధ తీర్చే బస్సు లేదు. ఆ రెండ్రోజులు ఆమె మొగడు కూలి మాని ఇంటికాడ ఉండాలె. ఉంటే ఆడంగోడని నవ్వేటోళ్ళు మన గూడెంలనే ఉన్నరు. 1992ల దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమంల ఆడోళ్ళు అర్ధరాత్రి రోడ్లమీద కూసున్నరు గదా, 1993 అక్టోబరుల సారా బందు చేయించిన్రు గదా. అప్పుడు పిల్లల్ని ఎవరు చూసిన్రు? ఒకరి పిల్లల్ని ఒకరు వంతులేసుకొని చూసుకున్నరు. ఆడోళ్ళకు ఆ పద్ధతి తెలుసు. వంతులల్లకు మగోళ్ళు రావుడే మిగిలింది.

సరే, పొద్దు పోతున్నది, ఇద్దరు అప్పుడే లేచి చెప్పులు వెతుక్కుంటున్నరు. చేయాల్సింది చెప్పి ఆపుతా.

ఒక అర్జీ రాసినం. కలెక్టరుకు ఒకటి, ఆర్డీవోకు ఒకటి. అంగన్‌వాడీలను నాట్ల కాలం, ఏరుడు కాలం పొద్దున ఆరింటికి తెరవాలె, సాయంత్రం ఆరింటిదాక ఉంచాలె, దానికోసం ఇంకో ఆయాను పెట్టి పూర్తి జీతం ఇవ్వాలె అని అందుల రాసినం. మడిల ఉన్న గర్భిణికి భోజనం డబ్బాల పంపాలని రాసినం. ఉపాధి పనికాడ పిల్లల్ని పట్టుకునే మనిషిని మొదటి రోజునుంచే మస్టర్‌ల ఎక్కించాలని రాసినం. మిల్లులల్ల ఆడోళ్ళ పేర్లు రిజిస్టర్‌ల ఉన్నయా లేవా లేబరాఫీసరు వచ్చి తనిఖీ చేయాలని రాసినం. సర్కారు దవాఖానల పేషెంటు వెంట ఉండే మనిషికి ఆ రోజుల కూలి ఇవ్వాలని ఒక అక్క అడిగింది. అది ఏ చట్టంల లేదు, అయినా రాసినం, ఎందుకంటే చట్టంల ఉన్నయి మొదట ఎవరో అడిగితేనే వచ్చినయి.

అర్జీ ఇక్కడ బల్లమీద ఉన్నది. సంతకం రానోళ్ళు వేలిముద్ర వెయ్యొచ్చు. మీ పేరు పక్కన ఇంట్ల ఆరేండ్లలోపు పిల్లలు ఎంతమంది, మంచంల ఉన్నోళ్ళు ఎంతమంది, బడి మానిన ఆడపిల్లలు ఎంతమంది అని మూడు గడులు గీసినం, అవి తప్పకుండ నింపండి. ఆ లెక్క కలెక్టరు దగ్గర లేదు, మన దగ్గరనన్న ఉండాలె. అన్నలు గూడ సంతకం పెట్టాలె. వాళ్ళకు ఒక గడి ఎక్కువ ఉన్నది: వారంల ఏ రోజు ఇంటికాడ ఉంటరో రాయాలె. ఈసారి మీటింగు మధ్యాహ్నం రెండింటికి పెడుతున్నం. పిల్లల్ని ఇక్కడికే తీసుకరండి, పక్కగదిల చాపలు వేస్తం, పట్టుకునేది మగ కార్యకర్తలు. ఎవరెవరి వంతో పేర్లు ఇప్పుడే రాస్తున్నరు.